మోటారులో దొరికిన కాగితం

పోయిన వారం మిమ్మల్ని లైసెన్సుల ఆఫీసు మూడో అంతస్తులో, గట్టి బెంచీ మీద, నా పక్కన కూర్చోబెట్టి వదిలేశాను. ఇంకా అక్కడే ఉన్నాం. కథ మధ్యలో వచ్చి చేరినవాళ్ళకి నాలుగు ముక్కలు చెప్పి లేస్తాను. మిగతావాళ్ళు కాస్త ఓపిక పట్టండి, నేను ఏడు నెలలుగా పడుతున్నాను కదా.

నేను మోటార్లు చుట్టేదాన్ని. నవ్వకండి. కాలిపోయిన మోటారు విప్పి, మాడిన రాగితీగ లాగి పారేసి, కొత్తది లెక్క తప్పకుండా చుట్టి, మళ్ళీ గిర్రున తిరిగేలా చేయడం నా విద్య. మా నాన్న షెడ్డులో పదహారేళ్ళు అదే చేశాను. ఈ దేశంలో లైసెన్సు కార్డు లేనివాళ్ళు మోటారు మూత కూడా విప్పకూడదు. కార్డు కావాలంటే పరీక్ష రాయాలి. పరీక్షకి కూర్చోవాలంటే ఇక్కడ పనిచేసిన అనుభవం చూపించాలి. ఇక్కడ పని ఇవ్వాలంటే కార్డు అడుగుతారు. పిచ్చి కుదిరితేగాని పెళ్ళి కాదు, పెళ్ళయితేగాని పిచ్చి కుదరదు. ముప్పై ఒక్క గుమ్మాలు ఎక్కి దిగాను. చివరికి మోటార్ల షాపు పెద్దాయన ఒకాయన నా ఎదురుగా ఒక పాత మోటారు పెట్టి, ఏం పోయిందో నోటితో చెప్పమన్నాడు. చెప్పాను. తన పూచీ మీద నన్ను పరీక్షకి పంపిస్తాననీ, ఆఫీసువాళ్ళు దరఖాస్తు ఒప్పుకున్న మర్నాడే పనిలోకి రమ్మనీ అన్నాడు. ఆ దరఖాస్తుకి వచ్చిన జవాబేమిటంటే, నీ మీద ఫిర్యాదు ఉంది, గురువారం పదింటికి వచ్చి సమాధానం చెప్పుకో అని. ఎవరిచ్చారో, దేనిమీద ఇచ్చారో ఒక్క ముక్క లేదు. అదీ సంగతి. ఇప్పుడు నా పేరు పిలిచారు, లేద్దాం.

గదిలో ఒక ఆఫీసరమ్మ. కళ్ళజోడు దారంతో మెడకి వేలాడేసుకుంది. మనిషి చెడ్డది కాదు. నాకు వాళ్ళ భాష అంతంతమాత్రమని గ్రహించి, ఒక్కో మాట విడదీసి చెప్పింది. బల్లమీద చిన్న ఫ్యాన్ ఒకటి తిరుగుతోంది. దాని బేరింగు పోయింది, ఇంకో వారం పది రోజులకి మించి తిరగదు. చెబుదామని నోటిదాకా వచ్చింది. ఏ పాపానికి ఇక్కడ కూర్చున్నానో తెలియకుండా ఇంకో మోటారు జోలికి పోవడం ఎందుకని ఊరుకున్నాను.

ఆవిడ ఫైలు తెరిచి ఒక ఫోటో నా ముందుకి జరిపింది. చూడగానే గుర్తుపట్టాను. అది మా బిల్డింగు నీళ్ళ పంపు మోటారు. మూత విప్పి ఉంది.

మేము ఉంటున్నది మా అన్నయ్య ఇంట్లో. అన్నయ్య ఆ ఆరంతస్తుల బిల్డింగుకి కేర్‌టేకరు. ఉద్యోగంతోపాటు కింద మూడు గదుల ఇల్లు ఇచ్చారు. రెండు గదుల్లో అన్నయ్య, వదిన, వాళ్ళ ఇద్దరు పిల్లలు, వెనక గదిలో నేనూ మా ఆయనా. నెల కిందట ఆ పంపు ఆగిపోయింది. రెండు రోజులు ఎవరి ఇంట్లోనూ చుక్క నీళ్ళు లేవు. పంపు చూసుకునే కంపెనీవాళ్ళు వారం దాకా రామన్నారు. ఆరంతస్తులవాళ్ళూ వరసగా దిగివచ్చి మా అన్నయ్యని దులిపేశారు. మూడో రోజు పొద్దున్న అన్నయ్య మా గది గుమ్మంలో నిలబడి, ఒక్కసారి చూసిపెట్టవే అన్నాడు. కార్డు లేకుండా ముట్టుకోకూడదన్నాను. ఎవరికి తెలుస్తుందే అన్నాడు. వదిన కూడా అక్కడే ఉంది. మేకుకి ఉన్న పంపుగది తాళంచెవి అన్నయ్య తీసి నా చేతిలో పెడుతుంటే, ఏమైనా తిని వెళ్ళమని వెనక నుంచి కేకేసింది.

స్టార్టింగు వైండింగు, అంటే మోటారుని మొదట కదిపే తీగచుట్ట, మాడిపోయింది. అన్నయ్యే వెళ్ళి తీగ కొనుక్కొచ్చాడు. పొద్దుటినుంచి కూర్చుని చుట్టి, దారంతో బిగించి కట్టి, వార్నిష్ పోసి, పెద్ద బల్బు కింద ఆరబెట్టి, సాయంత్రం అయిదింటికి స్విచ్చి వేశాను. ఆరో అంతస్తుదాకా నీళ్ళెక్కాయి. ఏడు నెలల్లో నా ప్రాణం కుదుటపడ్డ రోజు అదొక్కటే.

"ఇదేమిటి?" అని ఆఫీసరమ్మ రెండో ఫోటో చూపించింది.

చిన్న కాగితం ముక్క. పెన్సిలుతో తెలుగులో రాసి ఉంది. నా రాతే. తారీఖు, తీగ సైజు, చుట్లెన్నో, కింద బుల్లెమ్మ అని నా ముద్దుపేరు. మా నాన్న షెడ్డులో అది ఆచారం. మోటారు చుట్టినవాళ్ళు మూత బిగించే ముందు లోపల అలాంటి చీటీ ఒకటి పెట్టాలి. రేపు ఇంకెవరో విప్పితే, ఎన్ని చుట్లు చుట్టారో లెక్కపెట్టుకుంటూ మనల్ని తిట్టుకోకూడదు అనేవాడు నాన్న. చీటీ పెట్టకుండా మూత వేస్తే నెత్తిన మొట్టికాయ వేసేవాడు. పదహారేళ్ళలో చేతికి అలవాటైపోయింది. ఆ రోజు పెట్టానన్న సంగతి కూడా నాకు గుర్తు లేదు, ముక్కు చీదుకున్నట్టు పెట్టేసి ఉంటాను. లోకంలో ఏ దొంగైనా పేరూ తారీఖూ రాసిపెట్టి వెళ్తాడా చెప్పండి. నేను వెళ్ళాను.

అయినా ఒక్క క్షణం ఆశ పుట్టింది. ఈ ఊళ్ళో ఈ అక్షరాలు చదివేదెవరు? ఎవరో పాతవాళ్ళ రాత అయి ఉంటుంది, నాకేం తెలుసు అనేయొచ్చు. అనడానికి నోరు కూడా తెరిచాను. ఆవిడ ఈలోగా పేజీ తిప్పింది. ఆ చీటీలో ఉన్న ప్రతి మాటకీ కింద వాళ్ళ భాషలో అర్థం టైపు చేసి ఉంది. బుల్లెమ్మ అన్న చోట, మా చెల్లెలిని ఇంట్లో పిలిచే పేరు అని. దాని కింద సంతకం.

ఆ సంతకం నాకు కొత్త కాదు. చివర రెండు చుక్కలు పెట్టే అలవాటు చిన్నప్పటినుంచీ ఉంది మా అన్నయ్యకి. మార్కుల కార్డు మీద వాడు నాన్న సంతకం దొంగతనంగా పెట్టుకుంటుంటే, తలుపు దగ్గర కాపలా కాసింది నేనే. ఆ చుక్కలు మానకపోతే దొరికిపోతావురా అని చెప్పింది కూడా నేనే.

ఫిర్యాదు సారాంశం ఆవిడ చెప్పింది. కేర్‌టేకరు ఇంట్లో లేనప్పుడు అతని చెల్లెలు తాళంచెవి చెప్పకుండా తీసుకుని, అనుమతి లేకుండా మోటారు విప్పిందట. అబద్ధం, వాడే ఇచ్చాడు, వాడే తీగ కొన్నాడు అన్నాను. భాష తడబడింది, రెండు సార్లు చెప్పాల్సి వచ్చింది. ఆవిడ ఓపిగ్గా విని, కళ్ళజోడు తీసి, నిబంధన చెప్పింది. కేర్‌టేకరు అడిగితే చేశావని రుజువైతే మందలింపుతో సరి, దరఖాస్తు ముందుకి వెళ్తుంది. ఆ మాట కేర్‌టేకరైనా రాసివ్వాలి, తాళంచెవి ఇస్తుంటే కళ్ళారా చూసిన వేరే పెద్దవాళ్ళెవరైనా రాసివ్వాలి. భర్త మాట చెల్లదు. సోమవారం మధ్యాహ్నం పన్నెండులోపు కాగితం రాకపోతే అయిదేళ్ళ దాకా దరఖాస్తు పెట్టడానికే వీల్లేదు.

అయిదేళ్ళంటే నాకు నలభై నాలుగొస్తాయి. ఇప్పటికే సన్న తీగ పట్టుకుంటే కళ్ళు చికిలిస్తున్నాను. అయిదేళ్ళు తీగ ముట్టుకోని వేళ్ళకి ఇంకేం మిగులుతుంది? ఆవిడ ఆ చీటీ ఫోటో నకలు ఒకటి నా చేతికిచ్చింది. ఎందుకో తెలియదు, థాంక్స్ చెప్పి తీసుకున్నాను.

బస్సు దిగి ఇంటికి వెళ్ళే దారిలోనే మోటార్ల షాపు. పెద్దాయన అద్దాల వెనక ముందుకి వంగి ఏదో బిగిస్తున్నాడు. ఆయన పక్కన ఇంకో బల్ల ఖాళీగా ఉంది. అది నాకోసం తుడిపించి పెట్టానని కిందటిసారి చెప్పాడు. ఈ నెలాఖరుదాకా ఆగుతాను, తర్వాత నా వల్ల కాదమ్మా అని కూడా చెప్పాడు. లోపలికి వెళ్ళి ఏమని చెప్పను? తల వంచుకుని అవతలి పక్కనుంచి నడిచాను.

అన్నయ్య బిల్డింగు గుమ్మం పక్కనున్న చిన్నగదిలో తాళంచెవులకి నంబర్లు అంటిస్తున్నాడు. నన్ను చూసి, తిన్నావా అన్నాడు. అది వాడికి పుట్టుకతో వచ్చిన విద్య. ఇల్లు తగలబడుతున్నా ముందు తిన్నావా అని అడుగుతాడు, జవాబు చెప్పేలోగా తప్పుకుంటాడు. ఈసారి నేను తలుపుకి అడ్డంగా నిలబడ్డాను.

"నా చీటీ చక్కగా చదివి పెట్టావటగా," అన్నాను.

వాడు చేతిలో ఉన్న నంబరు తప్పు తాళంచెవికి అంటించాడు. గోటితో గీకి తీయడానికి చూశాడు, రాలేదు. అప్పుడు కూర్చున్నాడు. వాడు చెప్పుకొచ్చినదాని ప్రకారం, పంపు కంపెనీ మనిషి తనిఖీకి వచ్చి మోటారు విప్పితే లోపల దారం కట్టు వేరేగా ఉందట, చీటీ ఉందట. ఎవరు విప్పారని అడిగారట. రెండు రోజులు తెలియదన్నాడట. మూడో రోజు బిల్డింగు మేనేజరు పిలిపించి, కాగితం మీద రాసి తేల్చమన్నాడట.

"వాళ్ళడిగింది ఒక్కటేనే. తాళం నువ్విచ్చావా, ఆమె తీసుకుందా అని. నేనిచ్చానంటే ఉద్యోగం పోతుంది. ఉద్యోగంతో పాటు ఇల్లు. నెల తిరిగేసరికి పిల్లల్ని తీసుకుని రోడ్డు మీద నిలబడాలి. నువ్వు మాత్రం ఎక్కడుంటావు, మీ ఆయన ఎక్కడుంటాడు?"

"అందుకని నన్ను దొంగని చేశావు."

"దొంగ అని ఎక్కడా అనలేదు. చెప్పకుండా తీసుకుంది అన్నాను."

"ఆ రెంటికీ తేడా ఏంటో నాకూ చెప్పు."

చెప్పలేదు. కోపం తెచ్చుకున్నాడు. తప్పు చేసినవాళ్ళకి కోపం తొందరగా వస్తుంది. అసలు ఆ చీటీ పెట్టమని ఎవరేడ్చారన్నాడు. నోరు మూసుకుని చుట్టి, మూత బిగించి వచ్చేస్తే ఎవడికి తెలిసేదన్నాడు. నాన్న పెట్టమనేవాడు అన్నాను. దాంతో వాడికి ఎక్కడో తగిలింది.

"నాన్న నీకు పని నేర్పాడు. నాకేం నేర్పాడు? వీడికి చేతకాదని పదిమందిలో చెప్పడం తప్ప? ఇక్కడ మెట్లు ఊడ్చి, బల్బులు మార్చి, అడ్డమైనవాళ్ళ చేత మాటలు పడి ఈ మూడు గదులు సంపాదించుకున్నాను. ఏడు నెలలుగా నువ్వూ ఇందులోనే తింటున్నావు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టకు."

ఆ మాట అన్నాక వాడి ముఖమే మాడిపోయింది. అవతలివాడు పరాయివాడైతే చెడామడా తిట్టి పోదును. ఇదెక్కడ చెప్పుకోను? కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందంటారు, నాకు ఆ ముతక సామెత అప్పుడే అర్థమైంది. ఒక్క కాగితం రాసివ్వరా అన్నయ్యా, నాకు వేరే దారి లేదు అని అడిగాను. బతిమాలాను అనడమే సరైన మాట. రాసిస్తే తను అబద్ధమాడినట్టు తేలుతుంది, ఇంకే బిల్డింగులోనూ ఉద్యోగం ఇవ్వరన్నాడు. నాకు అయిదేళ్ళు, వాడికి మొత్తం. వాడి లెక్కలో తప్పేమీ లేదు. అందుకే ఇంకా ఒళ్ళు మండింది.

లేచి వెళ్ళిపోబోతుంటే వెనక నుంచి అన్నాడు.

"అన్నీ నా నెత్తినే రుద్దకు. వాళ్ళ భాషలో నాలుగు లైన్లు రాయడం నాకు వచ్చా? అంత ఉత్తరం ఎవరు రాసిపెట్టారో మీ ఆయన్ని అడుగు."

మా ఆయన గురించి కొత్తవాళ్ళకి చెప్పాలి. మా ఊరి బళ్ళో ఇరవై ఏళ్ళు ఈ భాషే పాఠం చెప్పాడు. పిల్లలకి ఉత్తరాలు రాయడం, తప్పుల్లేకుండా దరఖాస్తులు రాయడం నేర్పినాయన. ఇక్కడ గోడౌనులో పెట్టెలు పేరుస్తాడు. ఆయన భాష బాగుందని గోడౌనులో ఎవరికీ తెలియదు, ఎవరూ ఆయనతో మాట్లాడరు గనక. అలాంటి మనిషి ఈ దేశంలో కూర్చుని రాసిన మొట్టమొదటి ఉత్తరం నామీదే.

ఆరింటికి వచ్చాడు. వచ్చి మంచం మీద కూర్చుని బూట్ల తాళ్ళు విప్పుకుంటున్నాడు. రోజూ నడుం పట్టుకుని అవస్థపడతాడని నేనే విప్పుతాను. ఆ పూట విప్పలేదు. కుర్చీలో కూర్చుని, ఆఫీసులో చెప్పినదంతా చెప్పి, ఫిర్యాదు మీరు రాశారా అని అడిగాను. ఆయన నోట్లో నాలుక లేని మనిషి, కానీ అబద్ధం చెప్పడు. అవునన్నాడు.

అన్నయ్య ఈ మంచం మీదే కూర్చుని ఏడ్చాడట. నేను రాయకపోతే బయట ఎవరిచేతనో రాయిస్తాడు, వాళ్ళు నీ గురించి ఏం రాస్తారో అని భయపడ్డానన్నాడు మా ఆయన. నాకెందుకు చెప్పలేదంటే, చెబితే నువ్వు రాయనివ్వవు, రాయకపోతే అందరం రోడ్డున పడతాం అన్నాడు. ఆ కాగితం మేనేజరు దగ్గరే ఆగిపోతుందని ఆయన అనుకున్నాడట, లైసెన్సు ఆఫీసుదాకా వెళ్తుందని అనుకోలేదట.

"నేనైతే మెత్తగా రాస్తాననుకున్నాను," అన్నాడు.

"రాశారా మెత్తగా?"

"పని మాత్రం శుభ్రంగా చేసిందని చివర ఒక వాక్యం రాశాను."

నవ్వొచ్చింది నాకు. నవ్వుతూనే ఏడ్చాను. ముప్పై ఒక్క చోట్ల అడిగినా నా పని బాగుంటుందని ఒక్కరూ కాగితం మీద పెట్టలేదు. ఆ ముక్క రాసిన ఒకే ఒక్క మనిషి, నన్ను ముంచిన ఉత్తరంలో రాశాడు. మిమ్మల్ని ఏమనాలో కూడా తెలియడం లేదండీ అన్నాను. ఆయన ఒక బూటు విప్పి, రెండోది అలాగే ఉంచుకుని, అన్నం సంచీ లోపలి అర తెరిచాడు. నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటి తీశాడు. మడతల దగ్గర నలిగి చిరుగు పడుతోంది.

ఆ రోజే రెండు ఉత్తరాలు రాశాడట. ఒకటి అన్నయ్య చెప్పిన ప్రకారం. రెండోది జరిగింది జరిగినట్టు. తాళంచెవి ఎవరిచ్చారు, తీగ ఎవరు కొన్నారు, ఎన్ని గంటలకి నీళ్ళొచ్చాయి, అన్నీ. రెండూ ముందు పెట్టి ఏదో ఒకటి సంతకం చెయ్యండి బావగారూ అన్నాడట. అన్నయ్య మొదటిది చేశాడు. రెండోది చింపడానికి చేతులు రాక రోజూ గోడౌనుకి మోసుకెళ్ళి మోసుకొస్తున్నాడు.

ఇంత కాలం దాచిపెట్టిన మనిషిని కౌగిలించుకోవాలో, కాగితం మొహాన కొట్టాలో తెలియలేదు. సంతకం లేని నిజం ఎవడికి కావాలండీ, మీ మాట చెల్లదు, అన్నయ్య పెట్టడు, ఇంకెవరు పెడతారు అన్నాను. గొంతు పెరిగింది. అప్పుడు చూశాను, వదిన గుమ్మంలో ఉంది. పిండి చేతులతో నిలబడింది. ఎప్పటినుంచి వింటోందో తెలియదు.

వదిన ఇంతవరకూ నన్ను ఒక్క మాట అనలేదు. ఏడు నెలలుగా నలుగురికి సరిపోయే వంటింట్లో ఆరుగురికి వండుతోంది. మా అన్నయ్య ఉత్తరం సంగతి తనకి తెలుసో తెలియదో ఇప్పటికీ నాకు తెలియదు. చేతులు తుడుచుకుని లోపలికి వచ్చి, అందులో ఏం రాశారో చదివి చెప్పమని మా ఆయన్ని అడిగింది. ఆయన ఒక్కో వాక్యం తెలుగులో చెప్పాడు. తాళంచెవి చేతికిస్తున్నప్పుడు కేర్‌టేకరు భార్య అక్కడే ఉంది అన్న చోట ఆయన గొంతు తగ్గింది. వదిన తల ఊపింది.

"అబద్ధం ఒక్కటీ లేదు," అంది. "నేను పెట్టినా చెల్లుతుందా అన్నయ్యగారూ?" అని మా ఆయన్ని అడిగింది.

"చెల్లుతుందమ్మా."

"చెల్లితే మా ఆయన ఉద్యోగం?"

మా ఆయన నేల చూశాడు. వదిన నా వైపు తిరిగింది. తన ముఖంలో కోపం లేదు, అదే భరించలేకపోయాను. వద్దు వదినా, నీ పిల్లలున్నారు అనాలి నేను. మంచిదాన్నయితే అంటాను. నిజం చెబుతున్నాను, నాకు పెట్టమనే ఉంది. వాళ్ళ ఇల్లు పోయినా, మా అన్నయ్య వీధిన పడినా సరే, ఆ సంతకం పెట్టమనే ఉంది. ఏడు నెలలు పని లేకపోతే మనిషి ఇలా తయారవుతుందని నాకెవరూ చెప్పలేదు. ఒక్క మాటా అనకుండా చూస్తూ కూర్చున్నాను.

"పెన్ను ఉందా?" అంది వదిన.

మా ఆయన చొక్కా జేబులో ఉంది. తీశాడు. వదిన చెయ్యి చాచే ఉంది. ఆయన ఆ చేతిని చూశాడు, నన్ను చూశాడు, పెన్ను తెచ్చి నా చేతిలో పెట్టాడు.